ముందు తయారీ, తర్వాతే పుట్టుక

అనంతపురం

చిరంజీవి మానసకు,

ఆశీస్సులు. ప్రోటీన్ కట్టడానికి కావలసిన అమైనో ఆమ్లాలను కణంలో మోసుకొచ్చే చిన్న అణువు టీఆర్‌ఎన్‌ఏ మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. విషయం తెలిసే రాశావు, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేరాలోనే 400 కోట్ల ఏళ్ల వెనక్కి దూకి, తొలి కణం కంటే ముందే టీఆర్‌ఎన్‌ఏ ఉందని తీర్పు చెప్పేశావు. చదివేవాడికి అది నమ్మాల్సిన మాటే తప్ప చూడగలిగిన సంగతి కాదు. దాని పుట్టుక గురించి దొరికిన ఆనవాళ్లలో చాలా భాగం ఇవాళ్టి కణం దాన్ని తయారుచేసే తీరులోనే ఉన్నాయి. అందుకే తయారీ ముందు రాయి.

టీఆర్‌ఎన్‌ఏకు నువ్వు పెట్టిన మార్కెట్ యార్డు హమాలీ పోలిక కొట్టెయ్. హమాలీ ఏ బస్తా అయినా ఎత్తుతాడు. ఒక టీఆర్‌ఎన్‌ఏ ఒకే రకం అమైనో ఆమ్లాన్ని మోస్తుంది. దాని బదులు 1962 నాటి ప్రయోగం చెప్పు. షాప్‌విల్, లిప్‌మన్ బృందం సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కిన టీఆర్‌ఎన్‌ఏను తీసుకుని, ఆ సిస్టీన్‌ను రసాయనికంగా అలానిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చేసింది. ప్రోటీన్ కట్టే యంత్రమైన రైబోజోమ్ పసిగట్టలేదు. సిస్టీన్ పడాల్సిన చోట అలానిన్‌ను అతికించుకుంటూ పోయింది. అంటే రైబోజోమ్ జన్యు సందేశంలోని మూడక్షరాల మాటకు, కోడాన్‌కు, జతపడే టీఆర్‌ఎన్‌ఏ మూడక్షరాల యాంటీకోడాన్‌నే చూస్తుంది, ఎక్కి వచ్చిందేమిటో తనిఖీ చేయదు. ఆ తనిఖీ అంతకు ముందే, ఆమ్లాన్ని ఎక్కించే సింథటేజ్ ఎంజైముల దగ్గర అయిపోవాలి. ఇంత నాటకం చేతిలో ఉండగా హమాలీ ఎందుకమ్మా?

తయారీని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు: ‘ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 నకలు తీస్తుంది’ అని. జన్యువును చూసి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే ఎంజైము అది. నకలై వచ్చేది ఇంకా టీఆర్‌ఎన్‌ఏ కాదు, రెండు కొసలా అదనపు ముక్కలున్న ముడి ఆర్‌ఎన్‌ఏ. ముందు ముక్కను ఆర్‌ఎన్‌ఏజ్-పి అనే ఎంజైము కోస్తుంది, వెనక ముక్కను మన కణాల్లో ఆర్‌ఎన్‌ఏజ్-జెడ్ కోస్తుంది. కొన్నింటి నడుమ ఇంట్రాన్ అనే అక్కర్లేని ముక్క ఉంటే దాన్నీ తీసి అతకాలి. ఆ తర్వాతిది నాకు ఎప్పుడూ వింతే. చివరన సి, సి, ఏ అనే మూడక్షరాలు ఉండాలి. మన జన్యువుల్లో అవి రాసి లేవు. ఒక ఎంజైము ఏ మూసా చూడకుండా వాటిని అదే వరుసలో చేర్చి ఆగిపోతుంది. అమైనో ఆమ్లం అంటుకునేది ఆ చివరి ఏ మీదే. ఇ.కోలై బ్యాక్టీరియా జన్యువుల్లో మాత్రం ఆ మూడూ రాసే ఉంటాయి కనుక అవి ‘జీవులన్నింటిలో’ తర్వాతే చేరతాయన్న నీ మాట నిలవదు. టీఆర్‌ఎన్‌ఏ అక్షరాలకు జరిగే రసాయనిక మార్పుల పట్టిక తీసెయ్, ఇనోసిన్ అనే మారిన అక్షరం ఒక్కటి చాలు. యాంటీకోడాన్ మొదటి అక్షరం ఇనోసిన్‌గా మారితే, అదే టీఆర్‌ఎన్‌ఏ కోడాన్ చివర యు, సి, ఏ మూడింటిలో ఏది ఉన్నా చదవగలదు.

మీ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారనీ, గూళ్లు హిందూపురం మార్కెట్‌కు వేస్తారనీ ఉత్తరంలో రాశావు. వ్యాసంలో ఆ ఊసే లేదు! నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచిన పురుగు మల్బరీ ఆకును రాత్రనక పగలనక నమిలేస్తుంది కదా, అప్పుడు దాని పట్టుగ్రంథిలో జరిగేది నీ విషయమే. పట్టుదారంలోని ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్‌లో సుమారు 45 శాతం గ్లైసిన్, 30 శాతం అలానిన్, 12 శాతం సెరీన్. గ్రంథి వెనక భాగంలోని కణాలు ఆ ఆమ్లాలను మోసే టీఆర్‌ఎన్‌ఏలనే, ఆ అవసరానికి తగ్గ పాళ్లలో, కుప్పలుగా తయారుచేసుకుంటాయి. 1970ల్లో ఫ్రాన్స్‌లో దీన్ని పరిశోధించి చూపించారు. నీ తట్టల్లోని పురుగును వదిలేసి పుస్తకంలోని ఈస్టును పట్టుకున్నావు.

ఇక పుట్టుక. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏజ్-పిలో కోసే పని చేసేది ప్రోటీన్ కాదు, ఆర్‌ఎన్‌ఏయే. సిడ్నీ ఆల్ట్‌మన్‌కు 1989లో నోబెల్ తెచ్చిన సంగతి ఇది; ధైర్యంగా ‘చేస్తుంది’ అని రాయి. ప్రోటీన్లు లేని కాలంలో ఆర్‌ఎన్‌ఏలే ఎంజైములన్నది దాని మీద కట్టిన ఊహ, బలమైన ఊహ. మొక్కలకు సోకే టర్నిప్ ఎల్లో మొజాయిక్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ కొసన టీఆర్‌ఎన్‌ఏ లాంటి మడత ఉంది, దానికి వేలిన్ అనే అమైనో ఆమ్లం కూడా అంటుకుంటుంది. ఇదీ చూసిన సంగతే. అలాంటి కొసలు తొలి ఆర్‌ఎన్‌ఏ జన్యుపదార్థానికి నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే గుర్తులై ఉండవచ్చనీ, ప్రోటీన్ల పని తర్వాత వచ్చిందనీ వైనర్, మైజెల్స్ 1987లో ప్రతిపాదించారు. అక్కడ ‘ఉండవచ్చు’ తప్పనిసరి. నీ వ్యాసంలో రుజువుకూ ఊహకూ ఒకటే క్రియ.

నానోఆర్కియమ్ విషయంలో మరీ తొందరపడ్డావు. ఆ సూక్ష్మజీవిలో కొన్ని టీఆర్‌ఎన్‌ఏల రెండు సగాలూ వేర్వేరు జన్యువుల నుంచి వచ్చి అతుక్కుంటాయని 2005లో తేలింది. ఆదిలో రెండు చిన్న ఆర్‌ఎన్‌ఏలు కలిసి టీఆర్‌ఎన్‌ఏ అయిందనడానికి అది మిగిలిన జాడ అని కొందరు, మొదట ఒకటిగా ఉన్న జన్యువే తర్వాత విడిపోయిందని మరికొందరు అంటారు. నువ్వు మొదటి పక్షాన్నే వినిపించావు. రెండోదీ రాయి, నీ మొగ్గు ఎటో కూడా చెప్పు, తప్పులేదు.

కొత్త ప్రతిలో టీఆర్‌ఎన్‌ఏను చదునుగా పరిచి చూపే క్లోవర్ ఆకు బొమ్మ ఒక్కటే వేసి వదిలేయకు, పక్కన ఎల్ ఆకారం కూడా వెయ్యి. కణంలో అది మడత పడి ఉండేది అలాగే. ఈ పంట గూళ్లు అమ్ముడయ్యాకే కూర్చో, తొందరేమీ లేదు. నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు