కౌన్సెలర్ చెప్పేదీ ఇంట్లో పెద్దలు చెప్పేదీ ఒకటేనా?

"కౌన్సెలర్ దగ్గరికి పోవడం దండగ, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటలే కదా వాళ్లూ చెప్పేది" అని అడిగినారు. మా నాయన విషయంలో కళ్లారా చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా. ఒకటి కాదు. అస్సలు కాదు.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఏడెకరాల శెనక్కాయ. ఆ ఏడు మొలక బాగుంది, పూతా బాగుంది, సరిగ్గా కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. నాయనకు మాట పడిపోయినట్టయింది. పొద్దున అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా అట్లే. వచ్చిన చుట్టమల్లా "ధైర్యంగా ఉండప్పా, నీకొక్కనికే పోయిందా పంట?" అనేవాళ్లు. దయచేసి ఎవరితోనూ ఈ మాట అనొద్దు. ఊరందరికీ పోయింది కాబట్టి తన బాధ చెప్పుకునే హక్కు కూడా తనకు లేదనుకుంటాడు మనిషి.

మొదట ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాం. ఆయన తలెత్తకుండా నిద్రమాత్రలు రాసిచ్చినాడు. తర్వాత తెలిసినవాళ్లు చెప్తే అనంతపురంలో ఒక కౌన్సెలర్ దగ్గరికి పోయినాం.

ఆమె "మీ సమస్య ఏంది" అని అడగలేదు. "ఏ రకం వేసినారన్నా?" అనింది. "కె-6" అన్నాడు నాయన. "పూత మీద ఎండిందా, ఊడలప్పుడా?" అనింది. అప్పుడు నాయన తలెత్తి ఆమె మొహం చూసినాడు. చాలాసేపు ఇద్దరూ ఏం మాట్లాడలేదు. నాయన తువ్వాల అంచు దారాలు ఒక్కొక్కటే పీకుతా ఉంటే ఆమె తొందరపెట్టకుండా కూర్చునింది. తర్వాత మెల్లగా అడిగింది: "చచ్చిపోవాలని అనిపించిందా అన్నా?"

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. లేని ఆలోచన పుట్టిస్తోందని కోపం కూడా వచ్చింది. నాయన "ఊఁ" అన్నాడు. అంతే, ఏడ్చినాడు. నా పెళ్లిలో కూడా ఏడవని మనిషి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల నలుగుతున్నది బయటికొస్తుందని ఆమే తర్వాత నాకు చెప్పింది. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు వేరే ఇంటికి మార్చమనింది. ఆ సాయంత్రమే మామ వాళ్లింట్లో పెట్టించినాం.

ఇంత జరిగినా మా ఊర్లో "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినాడంట" అన్నారు. పక్కనున్న బళ్ళారిలో 1980ల్లోనే బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు పల్లెల్లో మానసిక వైద్యం చేసి చూపించినారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అంత దగ్గర్లో జరిగిన పని మా ఊరికి ఇంకా చేరలేదంటే కడుపు మండుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది. మనమేమో ఇంకా పిరికితనం అంటాం. బస్సు ఛార్జీ లేదు, ఎవరన్నా చూస్తారు అనుకునేవాళ్లు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, 2022 నుంచి ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అప్పు తీరిందా అంటే తీరలేదు. ఆమె తీర్చలేదు, తీరుస్తానని చెప్పనూలేదు. రెండోసారి పోయినప్పుడు మాత్రం కూర్చోగానే "మీ కర్రావు ఈనిందా అన్నా?" అని అడిగింది. మొదటిసారి నాయన మాటల మధ్యలో ఒక్కసారి అన్న సంగతి అది, నేనే మర్చిపోయినా. ఆ రోజు బస్సులో కళ్యాణదుర్గం వచ్చేదాకా నాయన దూడ గురించే మాట్లాడినాడు.