కళా విమర్శ నిష్పాక్షికంగా ఉండగలదా? లేపాక్షి చిత్రాల కింద నిలబడి ఆలోచించినది

విమర్శకుడి ఇష్టాయిష్టాలు ఏమాత్రం సోకని కళా విమర్శ సాధ్యమేనా అని ఒకరు నన్ను అడిగారు. సాధ్యం కాదనే నా సమాధానం. కానీ అంతమాత్రాన ఎవరి అభిప్రాయం వారిది, ఇక వాదన దండగ అనేవారితో నాకు గట్టి పేచీ ఉంది. అనంతపురంలో చిత్రలేఖనం నేర్పుతూ, ప్రదర్శనల మీద పత్రికలకు సమీక్షలు రాస్తూ ఉంటాను. ఆ అనుభవంతోనే ఈ మాట చెబుతున్నాను.

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలను తీసుకోండి. పదహారో శతాబ్దపు విజయనగర కాలం నాటివి. ఎర్రటి నేపథ్యం, నల్లని అంచుగీత, గీతల మధ్య సమంగా పరిచిన రంగు, చాలావరకు పక్కకు తిరిగిన ముఖాలు. వెలుగునీడలతో ఒంటికి గుండ్రదనం తెచ్చే ప్రయత్నం పెద్దగా కనిపించదు. నా సహోద్యోగి ఒకరికి అజంతా అంటే ప్రాణం. అక్కడ రంగుల ఛాయలతోనే శరీరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. లేపాక్షిలో అది లేదు కాబట్టి ఇది క్షీణదశ అని ఆయన తీర్పు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు ఒకరు నాతో కలిసి అదే మండపానికి వచ్చారు. తల ఎత్తి చాలాసేపు చూసి, "గీత ఎంత ధైర్యంగా వేశారో చూడండి సార్" అన్నారు. మేకతోలు బొమ్మకు వెలుగు వెనక నుంచి వస్తుంది. అక్కడ నీడలు దిద్దితే తెర మీద మరకల్లా పడతాయట. బొమ్మను నిలబెట్టేది అంచుగీత, నగల కోసం ఉలితో తొలిచిన రంధ్రాలు. దూరంగా కూర్చున్నవాడు కూడా పాత్రను గుర్తుపట్టాలంటే ముక్కూ గడ్డం తెలిసేలా ముఖం పక్కకు తిరగాలి. మసక వెలుతురులో మెడ ఎత్తి చూసే మనిషి కోసం వేసిన కప్పు బొమ్మకూ అదే అవసరం కదా అని ఆయన వాదన. మాతో వచ్చిన ధర్మవరం నేత మిత్రుడైతే చిత్రాల్లోని కథను వదిలేసి, పక్కపక్కనే నిలబడ్డ స్త్రీల చీరల్లో అంచులూ నమూనాలూ ఎలా మారుతున్నాయో చూపిస్తూ పోయారు. అన్నిసార్లు వెళ్లినా వాటిని నేను అంత పట్టిపట్టి చూసింది ఆరోజే.

ఇద్దరూ తమ వృత్తి వైపు నుంచే చూశారు. అటువైపు మొగ్గడమే వారికి చూపునిచ్చింది. అయితే వారు చూపించినది వారి మనసులో లేదు, కప్పు మీద ఉంది. నీడలు లేవన్న విషయంలో నా సహోద్యోగికీ బొమ్మల కళాకారుడికీ తేడా లేదు. అది లోపమా, నేర్పా అన్నచోటే దారులు చీలాయి. అంటే తగువు ఈ చిత్రాలను ఏ కళా సంప్రదాయంలో నిలబెట్టి చూడాలన్నది. దానికి చోటూ, వెలుతురూ, చూసేవారి దూరమూ అన్నీ సాక్ష్యాలే. వాటిని బట్టి నేను బొమ్మల కళాకారుడి పక్షం. నన్ను కాదనాలంటే మీరూ వెళ్లి ఆ కప్పునే చూడాలి.

1757లో స్కాటిష్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అభిరుచి గురించి రాసిన వ్యాసంలో ఒక పాత కథను వాడుకున్నాడు. పీపాలోని ద్రాక్షసారాయిని రుచి చూసి ఒకరు తోలు వాసన అన్నారు, ఇంకొకరు ఇనుము రుచి అన్నారు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరికింది. కథ నాకు ఇష్టమే కానీ, చిత్రాన్ని అలా ఖాళీ చేసి అడుగు చూడలేం. మళ్లీ మళ్లీ చూడటం, చూసినది ఇంకొకరికి చూపించడం తప్ప మరో దారి లేదు.

సాహిత్యంలో ఆ పని ఎలా చేయాలో కడపలో విమర్శకులు రాచమల్లు రామచంద్రారెడ్డి (రా.రా.) గారు చేసి చూపించారు. 'సంవేదన' పత్రిక నడిపిన రా.రా. తాను మార్క్సిస్టునన్న సంగతి దాచలేదు, ఎంత పెద్దవారినీ విమర్శించకుండా వదల్లేదు. కానీ ఏ వాక్యాన్ని చూసి తీర్పు చెప్పారో ఆ వాక్యాన్ని పాఠకుడి ముందు పెట్టేవారు. ఆయన తీర్పును తోసిపుచ్చడానికి కావలసిన సరుకు కూడా ఆయన రాతలోనే దొరుకుతుంది. నిష్పాక్షికతకు విమర్శలో ఇంతకంటే దగ్గరి రూపం నాకు కనిపించలేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది అభిరుచి కాదు, మొహమాటం. మా వంటి ఊళ్లలో చిత్రకారుడూ సమీక్షకుడూ ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారు. ప్రారంభ సభలో శాలువా కప్పించుకున్నవాడే మరుసటి వారం సమీక్ష రాయాలి. రంగుల పొందిక గురించి నాలుగు మెత్తని మాటలు రాసి ఊరుకుంటే ఆ చిత్రకారుడికి ఎవరూ ఏమీ చెప్పనట్టే. అందుకే పరిచయం ఉంటే ఆ సంగతి మొదటి పేరాలోనే రాస్తాను, ఆయన బొమ్మ మా ఇంట్లో ఉంటే అదీ రాస్తాను. ఒక పత్రికవారు ఆ వాక్యాలు అనవసరమని తీసేయబోయారు. అవి లేకుండా అయితే సమీక్షే వేయవద్దని చెప్పాను.