ఉత్తరుడి పక్కన పెన్సిల్ రాత

అమ్మాయ్,

నీ కట్ట అందింది. డెబ్బై రెండు పేజీలు, స్పైరల్ బైండింగు, అట్ట మీద రథచక్రం. భారతం మీద ఇష్టం కొద్దీ నువ్వూ నీ స్నేహితులూ ఆదివారాలు కూచుని అల్లుకున్న రోల్‌ప్లేయింగ్ గేమ్ అని, అంటే ఒక్కొక్కరూ ఒక పాత్రలోకి దూరి పాచికలేస్తూ కథ నడిపే ఆట అని రాశావు. "పాత్రలకి స్టాట్స్, అదే బలాబలాల అంకెలు, సరిగ్గా వేశామో లేదో చూసి చెప్పండి మాస్టారూ" అన్నావు. మూడు రోజులు చూశాను. రెండు రోజులు ఒళ్ళు మండింది. మూడో రోజు 58వ పేజీ దగ్గర ఆగాను. ఆ పేజీ లేకపోతే "బాగుంది, వృద్ధిలోకి రా" అని నాలుగు ముక్కలు గీకి ఊరుకునేవాణ్ణి.

ముందు ఒళ్ళు మండిన సంగతి.

నీ కర్ణుడు: బలం 20, లాఘవం 20, ఓర్పు 20, బుద్ధి 18, వివేకం 19, ఆకర్షణ 20. చదువుతుంటే టీవీలో కార్పొరేట్ కాలేజీ ప్రకటన చెవిలో మోగింది. "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరి తీసుకోకుండా అరుస్తాడే, అది. కర్ణుడంటే నీకు ప్రాణమని ఆ ఆరు అంకెలూ చెప్తున్నాయి, కర్ణుడి గురించి మాత్రం ఒక్కటీ చెప్పటం లేదు. మన తెలుగువాళ్ళ కర్ణాభిమానంలో పెద్ద వాటా 1977 నాటి దానవీరశూరకర్ణది. రామారావుగారు అందులో కర్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే, కృష్ణుడూ తనే. నేల టిక్కెట్టులో చూసి ఈలలు వేసినవాణ్ణి, నీ జబ్బు నాకు తెలియంది కాదు. కానీ వివేకం 19 ఏమిటమ్మా? నిండు సభలో ద్రౌపదిని ఆ మాటలన్నవాడికి?

ఆ ఆరు గళ్ళూ ఎక్కణ్ణించి తెచ్చావో నాకు తెలుసు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన, ఈ జాతి ఆటలకి మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోవి. మావాడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ నుంచి జిరాక్సు కాపీ తెచ్చి ఇంట్లో పడేస్తే, ఆ వేసవంతా వాడికంటే నేనే ఎక్కువ చదివాను. గళ్ళు తెచ్చుకున్నావు గాని అసలుది అక్కడే వదిలేసి వచ్చావు. ఆ మొదటి ఆటలో నీ బలం ఎంతో నువ్వు రాసుకోవు. మూడు పాచికలు వేస్తే ఎంత పడితే అంత. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. 18 పడేది ఒకే ఒక్క రకంగా, 10 గానీ 11 గానీ పడేది 54 రకాలుగా. అంటే నూటికి పాతికమంది నట్టనడిమి మనుషులే. పడ్డ బక్క అంకెతోనే వీరుణ్ణి లాక్కురావాలి, మజా అంతా అందులోనే. నీ ఆటలో ఏదీ పడదు. అన్నీ నువ్వు వడ్డించినవే, పెళ్ళి పంక్తిలో చుట్టాలబ్బాయికి కొసరి కొసరి వేసినట్టు.

ఇంకో చిక్కు. ఇద్దరు కలబడితే చెరో ఇరవై ముఖాల పాచిక వేసి, తమ అంకె కలుపుకోవాలని నియమం పెట్టావు. నీ భీముడికి బలం 20, దుశ్శాసనుడికి 17. కాగితం తీసుకుని లెక్క కట్టాను. రెండు పాచికలూ కలిసి 400 రకాలుగా పడతాయి. అందులో 136 సార్లు దుశ్శాసనుడే గెలుస్తాడు. మూడో వంతమ్మా! రొమ్ము చీల్చాల్సిన ఘట్టంలో మూడింట ఒకసారి భీముడే వెల్లకిలా పడితే ఆట నడిపే మీ గేమ్ మాస్టర్ ఏం చేస్తాడు, మళ్ళీ వెయ్యమంటాడా? అలా అయితే ఇక పాచిక ఎందుకు?

సరే, 58వ పేజీ.

ఉత్తరకుమారుడు. ఏడో గడి ధైర్యం నువ్వు సొంతంగా కలిపావు, ఆ మేరకు సంతోషం. అందులో 1 వేశావు. ఉత్తరకుమార ప్రగల్భాలని సామెత ఉంది గనక కళ్ళు మూసుకుని వేసుంటావు. కానీ దాని పక్కనే, అచ్చులో కాదు, పెన్సిల్‌తో, సన్నగా, "బృహన్నల పక్కనుంటే 9" అని ఉంది. చెరపటం మర్చిపోయావో, కావాలనే ఉంచావో. పుస్తకం మొత్తంలో ఊపిరున్న లైను అదొక్కటే.

దాన్ని పట్టుకో. నేను నలభై ఏళ్ళుగా కథల్లో మొత్తుకుంటున్నది ఇదే, ఒక్కడూ వినిపించుకోడు. అంకె వేశావంటే అది ఎప్పుడు చెల్లదో కూడా రాయాలి. రాయకపోతే మిగిలేది పోస్టరు.

ఇదేమీ నా కనిపెట్టుడు కాదు, నీ ముడిసరుకులోనే ఉంది. ఉద్యోగపర్వంలో రథాతిరథ సంఖ్యానమని ఒక ఉపపర్వం. భీష్ముడు సేనాపతి అయ్యాక దుర్యోధనుడు అడుగుతాడు, రెండు వైపులా ఎవరెంతటివాళ్ళో చెప్పు తాతా అని. తాత ఒక రథికుడి సత్తాని ఒక రథంగా పట్టుకుని వరసగా అంకెలు వేస్తాడు. శకుని ఒక రథం. సైంధవుడు రెండు రథాల పెట్టు. భీముడు ఎనిమిది. నీ 17, 18, 19 మెట్లు, ఆయనవి రెట్లు. 1985లో వచ్చిన, సూపర్‌మాన్ లాంటి కామిక్స్ వీరుల డీసీ హీరోస్ ఆటలో ఉన్న కిటుకు కూడా ఇదే, ఒక్కో పాయింటుకీ సత్తా రెట్టింపు. అప్పుడు మామూలు మనిషీ, కొండనెత్తేవాడూ ఒకే పట్టికలో ఇముడుతారు. భీష్ముడి లెక్కని అలా మార్చి చూడు, ఒక రథం అంటే 0, రెట్టింపైనప్పుడల్లా ఒకటి కలుపు. శకునికి 0, సైంధవుడికి 1, భీముడికి 3. ఇరవైలూ ముప్పైలూ ఎందుకు?

అసలు రుచి తర్వాత ఉంది. అశ్వత్థామ దగ్గరికి వచ్చేసరికి ఆయన అస్త్రవిద్యని ఆకాశానికెత్తి, ఒక్క లోటు చెప్తాడు. ఈ బ్రాహ్మడికి ప్రాణం మీద తీపి మరీ ఎక్కువ, అందుకని ఇతన్ని రథుల్లోనూ లెక్కపెట్టను, అతిరథుల్లోనూ లెక్కపెట్టను అంటాడు. అన్ని అంకెల్నీ ఒక్క వాక్యం కొట్టేసింది, చూశావా! ఇక నీ కర్ణుడు. కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం నెత్తిన ఉంది, కాబట్టి సగం రథం. అర్ధరథుడు. పక్కనున్న ద్రోణుడు అవునవునన్నాడు. పై లెక్కలో వేస్తే సున్నాకి ఒకటి తక్కువ. ఏడవకు. కర్ణుడూ ఊరుకోలేదు, ఈ ముసలాయన బతికున్నంతకాలం యుద్ధం చెయ్యనని కూచున్నాడు. పద్దెనిమిది రోజుల యుద్ధంలో మొదటి పది రోజులు కౌరవులకి కర్ణుడు లేడు, ఒక్క అంకె మూలాన. నీ డెబ్బై రెండు పేజీల్లో ఏ అంకె విని ఎవడికి కోపం వచ్చింది?

అన్నట్టు, భీష్ముడు అందరికీ మార్కులు వేశాడు గాని తన గుణాలు మాత్రం తను చెప్పుకోనన్నాడు.

ఇంకోటి విను. అదే జాబితాలో ఉత్తరుణ్ణి గొప్ప రథికుడి కిందే లెక్కపెట్టాడు ఆయన. మొదటి రోజు యుద్ధంలోనే ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయి, అతని గుర్రాల్ని చంపి, అతని చేతిలోనే చచ్చిపోయాడు ఆ కుర్రాడు. ఆ ఏనుగు మీద పక్కన బృహన్నల లేడు. కాబట్టి నీ పెన్సిల్ రాత కింద ఇంకో రాత పడాలి. అదేమిటో నేను చెప్పను.

ఈ పిచ్చి నాకు మా నాన్న పట్టించాడు. హార్మోనిస్టు. తెనాలి చుట్టుపక్కల కాంట్రాక్టు నాటకాలకి వెళ్ళేవాడు. కృష్ణుడు ఒక ఊరి నుంచి వస్తాడు, దుర్యోధనుడు ఇంకో ఊరి నుంచి. రిహార్సలు లేదు, స్టేజి మీదే మొదటి పలకరింపు. అందుకని నాన్న జేబులో ఒక చిన్న పద్దు పుస్తకం ఉండేది. 1957లో నయాపైసలొచ్చి అణాలు పోయినా ఆయన పుస్తకంలో మాత్రం అణాలే. ఒక కృష్ణ వేషధారి పేజీ నాకింకా గుర్తే. "పద్యం 14 అణాలు. వచనం 9. రాత్రి రెండు దాటితే పద్యం 8. టీ పడితే 11. ఎదట దుర్యోధనుడు గట్టివాడైతే 16." అడుగున ఎర్రసిరాతో: "ముందు వరసలో బావమరిది కూచుంటే ఏమీ చెప్పలేం." పొగడటానికి రాసుకున్నవి కావవి. రాయబారం సీనుకి శ్రుతి ఎంతలో పెట్టాలో, ఎప్పుడు దించాలో, జనం వన్స్‌మోర్ కొడితే ఆ గొంతు తట్టుకుంటుందో లేదో ముందే తేల్చుకోవటానికి. ఆ నటుణ్ణి నేను ఒక్కసారీ చూడలేదు. అయినా ఆ అయిదు లైన్లూ పెట్టుకుని ఇవాళ రాత్రి అతనిలా నడవగలను, అతనిలా అలగగలను. నీ రూల్‌బుక్‌లో కర్ణుడి పేజీ పెట్టుకుని ఏం చెయ్యమంటావు?

నా గొడవ కూడా ఒకటి చెప్పుకోనీ. తొంభైల మొదట్లో ఒక పిల్లల పత్రికకి రెండు పేజీల ఆట రాసిచ్చాను. రాక్షసుడి కోట, నలుగురు పిల్లలు, ఆరు గవ్వలు. పల్లెటూరి పిల్లకాయలకి పాచికలెక్కడివి, గవ్వలైతే ప్రతి ఇంట్లో ఉంటాయని. ఆరు గవ్వలు 64 రకాలుగా పడతాయి. మూడు వెల్లకిలా పడేవి 20, ఆరూ వెల్లకిలా పడేది ఒక్కటి. (గవ్వ సరిగ్గా సగం సగం పడదనుకో, అది వేరే సంగతి.) ఆరూ పడితేనే రాక్షసుడు చస్తాడు. అది ఎలాగూ పడదు కాబట్టి పిల్లలు దారి వెతుక్కోవాలి. వాడికి కథలు చెప్పి నిద్రపుచ్చితే నాలుగు పడినా చాలు. అదీ నా 'ఎప్పుడు చెల్లదు' గడి. సంపాదకుడు మహానుభావుడు, గవ్వలు మోటుగా ఉన్నాయని "ఆరు ముఖాల పాచిక" అని దిద్దాడు. నిద్ర లైను చోటు చాలక ఎగిరిపోయింది, అక్కడ బిస్కట్ల ప్రకటన పడింది. అరవై నాలుగింట ఒకటి కాస్తా ఆరింట ఒకటి అయి కూచుంది. ఒక పిల్లాడు కార్డు రాశాడు: "మీ రాక్షసుడు మా చెల్లి మొదటి దెబ్బకే చచ్చాడు. ఇంకో రాక్షసుణ్ణి పంపండి." దాన్ని కూడా మెచ్చుకోలు ఉత్తరాల్లో అచ్చేశారు. ముప్పై ఏళ్ళు దాటింది, ఇంకా మండుతూనే ఉంది. ఇప్పటి యాప్‌లలో సీరియల్ రాసే కుర్రాళ్ళు హీరోకి మొదటి భాగంలోనే లెవెల్ 99 ఇచ్చి, కింద రేటింగు చుక్కలు వెయ్యమని పాఠకుల్ని బతిమాలుకుంటుంటే నాకు ఆ బిస్కట్ల ప్రకటనే గుర్తొస్తుంది.

ధర్మరాజుకి జూదం 2 వేశావు. సబబే. ఆట మీద ఇష్టమే గాని ఆడటం రాదని శకుని నోటితోనే అన్నాడు. కానీ అరణ్యవాసంలో బృహదశ్వుడి దగ్గర అక్షహృదయం, అదే పాచికల మర్మం, నేర్చుకున్నాక కూడా 2 ఏనా? విరాటుడి కొలువులో కంకుభట్టు ఏం ఆడి పొట్ట పోసుకున్నాడు మరి?

ద్రౌపది పేజీ చూసి పుస్తకం కాసేపు మూసేశాను. ఆకర్షణ 20, బలం 4, తతిమ్మావన్నీ సగటు. తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆవిడ సభలో అడిగితే భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని నీళ్ళు నమిలాడు. ఆ ప్రశ్నకి నీ పట్టికలో గడి లేదు. గడి ఇంకోటి గీసి 20 వేసేస్తానంటావేమో, వద్దు. ఆవిడ అడిగిన ప్రతిసారీ సభలో కూచున్నవాళ్ళ అంకెలు మారాలి. భీష్ముడికి ఎంత తగ్గాలి, ద్రోణుడికి ఎంత తగ్గాలి, లేచి మాట్లాడిన వికర్ణుడికి ఎంత పెరగాలి, అది మీ ఆదివారం పంచాయతీ. వికర్ణుడి నోరు మూయించింది ఎవరో కూడా చూసుకో, నీ 20ల వీరుడే.

ఇంకా చాలా అడిగావు. పబ్లిషర్లు, అదృష్టానికి వేరే గడి, బొమ్మలు ఎవరితో వేయించాలి. వాటి జోలికి ఇవాళ పోను, చెయ్యి నొప్పెడుతోంది.

నలభై ఒక్కమంది పాత్రలు ఎక్కువ. పన్నెండుమంది చాలు. ఒక్కొక్కరికి రెండు అంకెలు, వాటి కింద మూడేసి పెన్సిల్ రాతలు. అశ్వత్థామతో మొదలుపెట్టు, కర్ణుణ్ణి చివర రాయి, అప్పటికి చెయ్యి కుదురుకుంటుంది. రాశాక టైపు చెయ్యొద్దు, రాసింది రాసినట్టే పంపు, కొట్టివేతలతో సహా.

కవర్లో ఆరు గవ్వలు పెడుతున్నాను, ఆ రాక్షసుడి నాటివే. ఒకదానికి అంచు విరిగింది, అది ఎక్కువగా బోర్లా పడుతుంది. ఏదో చూసుకుని ఆడండి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు