లస్టర్ కప్పు కొనేముందు

చిన్నీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. గులాబీ మెరుపుతో ఆ కప్పూ సాసరూ ముచ్చటగానే ఉన్నాయి. అయినా డబ్బు కట్టడానికి తొందరపడకు. నువ్వుండేది సండర్లాండ్‌లోనే కదా, ముందు అక్కడి మ్యూజియంకి వెళ్లి అసలైన లస్టర్ సామాను, అంటే పల్చటి లోహపు పూతతో మెరిసే పాత్రలు, కళ్లారా చూడు. కన్ను అలవాటు పడ్డాక బేరానికి దిగు.

ఇంగ్లండులో ఈ పని 1800 తర్వాత ఊపందుకుంది. ఆ గులాబీ రంగు బంగారం చలవే. తెల్ల గిన్నె మీద బంగారు ద్రావణం పల్చగా పూసి కాలిస్తే గులాబీ తేలుతుంది, ఎర్రమట్టి గిన్నె మీదైతే రాగిలా మెరుస్తుంది. కాపర్ లస్టర్ అని అమ్ముతారే, అందులోనూ బంగారమే! వెండిలా కనిపించేది ప్లాటినం. నిజంగా వెండే వాడితే నల్లబడిపోయేది.

ఇక బొమ్మ సంగతి. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది దీనికే. భూతద్దం తీసుకెళ్లు. సన్నటి గీతలూ చుక్కలూ ఒకే తీరుగా కనిపిస్తే అది అచ్చు. 1796లో తెరిచిన మీ ఊరి వేర్‌మత్ వంతెన బొమ్మ ఎక్కువగా అలా అచ్చేసి, పైన చేత్తో రంగులద్దిందే. గులాబీ రంగులో చిన్న ఇల్లు, చెట్లు ఉండే టీ సెట్లు మాత్రం కుంచెతో గీసినవి. ఒక కప్పు మీద ఇల్లు పొట్టిగా, ఇంకోదాని మీద పొడుగ్గా ఉన్నా కంగారు పడకు. అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటేనే అనుమానించు.

అడుగున ఏ ముద్రా లేకపోయినా ఫర్వాలేదు, పాతవాటిలో చాలావాటికి ఉండదు. ‘ఇంగ్లండ్’ అని ఉంటే మాత్రం అది దాదాపు 1891 తర్వాతిది. అమెరికా వాళ్ల సుంకం చట్టం వల్ల వచ్చిన అలవాటది. అలాంటిదాన్ని రెండొందల ఏళ్ల నాటిదని చెబితే నవ్వేసి ముందుకు నడు. గోటితో మీటి చూడు, మొద్దుగా మోగితే పగులు ఉండొచ్చు.

కొన్నాక అందులో టీ తాగకు. పాత గ్లేజుల్లో, అంటే పాత్ర మీది గాజులాంటి పూతల్లో, సీసం ఉండొచ్చు. డిష్‌వాషర్, మైక్రోవేవ్ జోలికి పోకు. రాగి చెంబనుకుని చింతపండు పెట్టి తోమావో, మెరుపు మీద ఆశ వదులుకోవాల్సిందే. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

సంక్రాంతికి ఇంటికి తెస్తానన్నావు. సూట్‌కేసులో వేయకు, చేతి సంచిలో పెట్టుకో. కప్పులో కప్పు దొంతర పెట్టకుండా దేనికది విడిగా చుట్టు. పిడి పట్టుకుని మాత్రం ఎత్తకు, పాత అతుకు ఉంటే అక్కడే ఊడుతుంది.

మీ పెద్దమ్మ