లింకన్ హత్యను చూసినవాడు టీవీలోకి ఎలా వచ్చాడు?

ప్రశ్న: మా మనవడు ఫోన్‌లో చూపిన ఒక పాత నలుపు తెలుపు టీవీ కార్యక్రమంలో, కంటి పైన వాపుతో కూర్చున్న వృద్ధుణ్ణి నలుగురు ప్రశ్నలు అడుగుతున్నారు. ఆయన అబ్రహాం లింకన్ హత్యను కళ్లారా చూశాడట. లింకన్ మరణించింది 1865లో కదా! ఇది నటన కాదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: నటన కాదు. అది అమెరికాలో సీబీఎస్ టీవీ సంస్థ 1952 నుంచి 1967 వరకు ప్రసారం చేసిన ‘ఐవ్ గాట్ ఎ సీక్రెట్’ (నా దగ్గరో రహస్యముంది) అనే ఆట కార్యక్రమం. ఆ వృద్ధుడి పేరు శామ్యూల్ సేమూర్. 1860లో పుట్టిన ఆయనకు, 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ నాటకశాలలో కూర్చున్నప్పుడు 5 ఏళ్లు. 1956 ఫిబ్రవరి 9న కెమెరా ముందుకు వచ్చినప్పుడు 95 ఏళ్లు. అప్పటికి మీకు దగ్గరలోనే ఉన్న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసి రెండు నెలలైంది. ఆ శంకుస్థాపనను చూసినవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, లింకన్‌ను చూసిన మనిషి బతికున్న కాలంలో వారూ ఉన్నట్టే.

ఆ కార్యక్రమంలో అతిథి తన రహస్యాన్ని నిర్వాహకుడి చెవిలో చెబుతాడు, ప్రేక్షకులకు అది తెరపై కనిపిస్తుంది, ప్యానెల్‌లోని నలుగురు మాత్రం ప్రశ్నలు వేసి దాన్ని రాబట్టాలి. రాబట్టలేకపోతే అతిథికి దక్కేది గరిష్ఠంగా 80 డాలర్లు. 1957లో వచ్చిన ఫైలో ఫార్న్స్‌వర్త్ రహస్యం ‘ఎలక్ట్రానిక్ టెలివిజన్‌ను కనిపెట్టింది నేనే’ అన్నది. ఆయన కనిపెట్టిన యంత్రం వాడేవారికి నొప్పి కలిగిస్తుందా అని ప్యానెల్‌లో ఒకరు అడిగితే, కొన్నిసార్లు చాలా నొప్పి కలిగిస్తుందని ఆయన ఒప్పుకున్నారు. టీవీ తెరపై పేరు సంపాదించుకున్న ఆ నలుగురికీ టీవీని కనిపెట్టినవాడు చివరిదాకా అంతుపట్టలేదు.

సేమూర్ రహస్యాన్ని మాత్రం పట్టుకున్నారు. మీరు చూసిన వాపు, కార్యక్రమానికి ముందు ఆయన కింద పడినందువల్ల వచ్చింది. రావద్దని నిర్వాహకుడు గ్యారీ మూర్ నచ్చజెప్పినా ఆయన వచ్చారు. కార్యక్రమానికి డబ్బు పెట్టింది సిగరెట్ల కంపెనీ అయినా, ఆయన పైపు తాగేవారు కనుక పైపు పొగాకు డబ్బా ఒకటి ఇచ్చారు.

నాకు ఆ రహస్యం కంటే ఆయనకు మిగిలిన జ్ఞాపకమే వింతగా తోస్తుంది. తుపాకీ పేలిన తరువాత పై గ్యాలరీలోంచి రంగస్థలం మీద పడిన మనిషిని చూసి, పాపం అతనికి దెబ్బ తగిలిందేమో, వెళ్లి సాయం చేద్దామని ఆ పిల్లవాడు తొందరపడ్డాడు. అధ్యక్షుణ్ణి కాల్చారని వాడికి తెలియదు. కింద పడినవాడు హంతకుడు బూత్. కార్యక్రమం జరిగిన రెండు నెలలకు, 1956 ఏప్రిల్ 12న సేమూర్ మరణించారు.