లోపించిందా, లోపం ఉందా?

సందేహం: ‘రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకల్లో బ్యాక్టీరియా పదార్థాలతో యాంటీబాడీల ఉత్పత్తిని పెంచారు’ అని మా అమ్మాయి సైన్సు వ్యాసంలో రాసింది. శక్తే లోపిస్తే ఇక పెంచడానికి ఏం మిగిలింది? తప్పు సైన్సులో ఉందా, తెలుగులోనా?

సమాధానం: సైన్సు సరిగ్గానే ఉందండి, చిక్కంతా ‘లోపించిన’ దగ్గరే. ‘చిత్తశుద్ధి లోపించింది’ అంటే అసలు లేదనే కదా మనకు తోచేది. వ్యాకరణంలోనూ అంతే, లోపమంటే కనిపించకుండా పోవడం. మేన, అత్త కలిసి మేనత్త అయినప్పుడు మేనలోని చివరి అకారం కొంచెం తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. కానీ ‘లోపం ఉంది’ అనేసరికి అర్థం మారిపోతుంది. దృష్టిలోపం ఉన్నాయన కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతాడు, చూపు లోపించినాయన చదవలేడు.

ఇప్పుడు ఆ ఎలుక సంగతి. ఈ ప్రయోగాల్లో బాగా వాడింది న్యూడ్ మౌస్, 1962లో గ్లాస్గోలో బయటపడిన రకం. ఒంటిమీద వెంట్రుకలుండవు, గులాబీరంగు చర్మం ముడతలు పడి ఉంటుంది (నన్నడిగితే హాయిగా బోడి ఎలుక అనొచ్చు). దానికి థైమస్ గ్రంథి లేదని 1968లో తేలింది. థైమస్ లేకపోతే మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే టీ కణాలు తయారుకావు, కానీ యాంటీబాడీలు (ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాలను పట్టుకునే ప్రొటీన్లు) చేసే బీ కణాలు మాత్రం ఉంటాయి. పరాయి పదార్థంగా గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కిస్తే మామూలు ఎలుక బోలెడు యాంటీబాడీలు చేస్తుంది, ఇది టీ కణాల సాయం లేక దాదాపు ఊరుకుంటుంది. అయితే కొన్ని బ్యాక్టీరియాల బయటి పొరలో ఉండే లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం ఎవరి సాయమూ లేకుండా నేరుగా బీ కణాన్నే తట్టి లేపుతుంది. దాన్ని కలిపి ఇచ్చినప్పుడు మామూలు ఎలుకంత కాకపోయినా కొంతవరకు యాంటీబాడీలు వచ్చాయి.

అంటే లోపించింది టీ కణాలు, శక్తి మొత్తం కాదు. అందుకే ‘రోగనిరోధక వ్యవస్థలో లోపం ఉన్న ఎలుకల్లో’ అని రాయమనండి. ‘శక్తి’ అంటే అంతా ఒకే ముద్దలా వినిపిస్తుంది, ‘వ్యవస్థ’ అంటే అందులో భాగాలున్నాయనీ ఒకటి పాడైనా ఇంకొకటి పనిచేయొచ్చనీ చదివేవాడికి వెంటనే తడుతుంది. ‘థైమస్ లేని ఎలుకల్లో’ అంటే ఇంకా మంచిది, టెన్షనే లేదు.

1983లో స్కిడ్ అనే ఇంకో రకం ఎలుకను వర్ణించారు. దానికి టీ కణాలూ బీ కణాలూ రెండూ దాదాపు లేవు, తట్టి లేపుదామన్నా లేచేవాళ్లు లేరు. ఆ కణాలు ‘లోపించాయి’ అని రాస్తే నాకేం అభ్యంతరం లేదు.