గోకొద్దంటే దురద ఆగుతుందా?

ప్రభుత్వాసుపత్రి చర్మ వార్డులో 31 ఏళ్లు పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైన సిస్టర్ ఈ శీర్షికలో పాఠకుల ఉత్తరాలకు జవాబులిస్తారు. ఏ మందన్నది మీ డాక్టరు రాయాలి. దాన్ని ఇంట్లో ఎలా పెట్టాలన్నది ఈవిడ చెబుతారు.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ఆరో నెలలో బుగ్గల మీద ఎర్రగా పేలింది. ఇప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఉంది. రాత్రంతా గోక్కుంటాడు, తెల్లారేసరికి దుప్పటికి రక్తం మరకలు. మా అత్తయ్య గజ్జి అని రోజూ నలుగుపిండితో రుద్ది వేడినీళ్లు పోస్తారు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో పోయింది, మానేస్తే మళ్లీ వచ్చింది. స్టిరాయిడ్ అని తెలిసి భయమేసి పక్కన పడేశాను. గుడ్డు, పాలు, వంకాయ మాన్పించాం. ఇంకేం చేయాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు అత్తయ్యగారితో గొడవ పెట్టుకోకండి. ఆవిడ పెంచిన పిల్లల ఒంటికి ఆ నలుగు పడింది, మీవాడి ఒంటికి పడలేదు. అయితే ఆవిడ అన్న గజ్జి మాట కూడా కొట్టిపారేయొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది పురుగు వల్ల వచ్చే గజ్జే కావచ్చు. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. అలాంటిదేం లేకపోతే, మీరు రాసిన వయసూ, ఒంటి మీది చోట్లూ చూస్తే అటోపిక్ ఎగ్జిమాలా ఉంది, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు. మీ వైపో వాళ్ల నాన్న వైపో ఆయాసం, పొద్దున్నే తుమ్ములు ఉన్నవాళ్లుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. డాక్టరు చూసి తేల్చాలి.

బీటలిచ్చిన కుండలో నీళ్లు నిలవవు కదా, ఈ పిల్లల చర్మమూ అంతే. లోపలి తడి ఆరిపోతుంది, బయటి సబ్బూ దుమ్మూ లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. మంటకు దురద, గోకితే ఇంకా మంట. వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంటే ఇది ఆగదు. కుండకు పూత వేయాలి.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో, అయిదు పది నిమిషాల్లో అయిపోవాలి. నలుగు మానేయండి. నురగ బాగా వచ్చే సబ్బు కూడా వద్దు. మెత్తటి తువ్వాలుతో అద్దండి, తుడవకండి. ఒళ్లింకా తడితడిగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు, మాయిశ్చరైజర్ రాయండి. ఖరీదైన డబ్బాలు కొనలేకపోతే తెల్ల పెట్రోలియం జెల్లీ, వాసన కలపని కొబ్బరినూనె ఉన్నాయి. ఆవనూనె మాత్రం వద్దు, మండుతుంది. ఆ కొబ్బరినూనె రాసే పని అత్తయ్యగారికే అప్పగించండి. నా అనుభవంలో నలుగు మాన్పించడానికి ఇంతకన్నా మంచి దారి కనపడలేదు. మచ్చలున్న చోటే కాకుండా ఒళ్లంతా, రోజుకు రెండుసార్లయినా రాయాలి. పావుకిలో డబ్బా వారానికే ఖాళీ అయితే దుబారా అనుకోవద్దు. డబ్బా నెల వస్తోందంటేనే సరిగా రాయడం లేదని లెక్క.

ఇక ఆ ట్యూబు. దాని మీద క్లోబెటాసోల్ అని ఉందేమో చదవండి. అది చాలా ఘాటు స్టిరాయిడ్, పిల్లల చర్మ మడతల్లో పూసేది కాదు. షాపువాడు ఇచ్చాడంటే తప్పు వాడిదే, కానీ అన్ని స్టిరాయిడ్లనూ ఆ గాటన కట్టేయకండి. పిల్లలకు తేలికరకం ఉంటుంది, డాక్టరు రాస్తారు. మంట ఉన్నన్నాళ్లూ చెప్పిన కొలతలో రాస్తే చర్మానికి మేలే చేస్తుంది. మీలా భయపడి రెండు రోజులు రాసి, నాలుగు రోజులు మానేసే తల్లుల పిల్లలే నెలల తరబడి మా ఓపీకి తిరిగేవాళ్లు. కొలత ఇలా చూసుకోండి: మీ చూపుడువేలి చివర నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల చేతులు రెండు, వేళ్లతో సహా, పరిచినంత మేరకు చాలు. మీవాడి మోచేతి మడతలు రెంటికీ అందులో సగం కూడా పట్టదు. నూనెకీ మందుకీ మధ్య అరగంట ఎడం ఇవ్వండి.

గోళ్లు పొట్టిగా కత్తిరించి, రాత్రికి పొడుగుచేతుల పలుచటి నూలు చొక్కా వేయండి. ఉన్ని, నైలాన్ బట్టలు ఒంటికి తగలనీయకండి. గుడ్డూ పాలూ మాన్పించడం నాకు నచ్చలేదు. ఎదిగే పిల్లాడు. ఏదైనా తిన్న కాసేపటికి దద్దుర్లో వాంతులో కచ్చితంగా కనిపిస్తేనే డాక్టరుతో మాట్లాడి ఆపాలి.

పుండ్ల మీద తేనెరంగు చెక్కు కడితే సూక్ష్మజీవులు చేరాయని అర్థం, చూపించండి. ఒకే సైజు చిన్న నీటిపొక్కులు ఒక్కసారిగా గుంపులుగా లేచి, జ్వరం వచ్చి, పిల్లాడు నీరసపడితే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు. అది హెర్పిస్ వైరస్ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: మా మామయ్యగారికి 61 ఏళ్లు, బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా సోరియాసిస్. ఎక్కువైనప్పుడల్లా ఊళ్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్ చేస్తే తగ్గేది. నెలన్నర కింద ఇంజెక్షన్లు మానేశారు. ఇప్పుడు తల నుంచి కాళ్ల దాకా ఎర్రబడి పొలుసులు రాలుతున్నాయి, ఎండలో కూడా చలి అంటున్నారు, పాదాలు వాచాయి. ఇంట్లో ఆయనకు కంచం, గ్లాసు వేరు పెట్టాం. పిల్లలకు అంటుకుంటుందా?
– ఒక కోడలు, భీమవరం

జవాబు: ఉత్తరం మీద ఫోన్ నంబరు రాసి ఉండబట్టి సరిపోయింది. అందిన పూటే ఫోన్ చేసి ఆసుపత్రిలో చేర్పించమన్నాను. చేర్చారు, ఇప్పుడు కోలుకుంటున్నారట. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

సోరియాసిస్‌లో చర్మం తొందరపడుతుంది. నెల పట్టే పని నాలుగైదు రోజుల్లో కానిచ్చేస్తుంది, అందుకే వెండిరేకుల్లాంటి పొలుసులు. స్టిరాయిడ్ ఇంజెక్షన్, మాత్రలు తాత్కాలికంగా అణచిపెడతాయి. టక్కున ఆపితే ఉన్నదానికి రెండింతలై ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. ఒంట్లో నూటికి తొంభై వంతులు ఎర్రబడితే ఒంటివేడి నిలవదు. నడివేసవిలో మా వార్డులో ఫ్యాను ఆపమని, ఇంకో దుప్పటి ఇమ్మని బతిమాలేవాళ్లు. కొత్తగా చేరినప్పుడు ఒకాయనతో 'ఇంత ఎండలో దుప్పటేంటి తాతా' అని నవ్వాను. థర్మామీటరు పెట్టి చూస్తే 95 డిగ్రీలు. తర్వాతెప్పుడూ నవ్వలేదు. అలాంటివాళ్లకు నాలుగు గంటలకోసారి టెంపరేచరు, తాగిన నీళ్లెన్ని, పోసిన మూత్రమెంత, అన్నీ రాసిపెట్టేవాళ్లం. పొద్దున పక్క దులిపితే చేటెడు పొలుసులు. ఆ పొలుసుల్లో పోయేదంతా ఒంట్లోని ప్రోటీనే, అందుకని గుడ్డు, పప్పు బాగా పెట్టాలి. పథ్యం అని చారన్నం పెట్టే ఇళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇంటికొచ్చాక రోజూ ఒంటికి తెల్ల పారాఫిన్, అంటే పెట్రోలియం జెల్లీ లాంటిది, పట్టించండి. అది పీల్చుకున్న బట్టలు, దుప్పట్లు నిప్పుకు భగ్గుమంటాయి. ఆయన బీడీ కాల్చకూడదు, ఆ చొక్కాతో గ్యాసు పొయ్యి దగ్గరకు పోకూడదు. పొలుసులు పీకొద్దు, గీరుకున్నచోటే కొత్త మచ్చ లేస్తుంది. పొద్దున వేళ్ల కణుపులు పట్టేసినా, కీళ్లు నొప్పి పెట్టినా డాక్టరుకు చెప్పండి, ఈ జబ్బు కీళ్లకూ పాకుతుంది. ఇంజెక్షన్ ఎవరు చేస్తామన్నా ఏం మందో కాగితం మీద రాయమనండి.

సోరియాసిస్ అంటుకోదు. మనవల్ని ఆయన ఒళ్లో కూర్చోబెట్టండి. కంచం ఈ రాత్రికే మీ కంచాలతో కలిపి కడగండి.

ప్రశ్న: మా నాన్న పత్తి రైతు, 52 ఏళ్లు. కనురెప్పలు, మెడ, చెవుల వెనక నల్లగా మందం కట్టి దురద. హైదరాబాద్‌లో అక్క ఇంట్లో ఇరవై రోజులుంటే తగ్గింది. చేనుకు వచ్చిన వారానికే మళ్లీ మొదలు.
– రైతు కొడుకు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: నాయనా, జవాబు సగం నువ్వే రాశావు. గట్ల మీద తెల్ల పూల వయ్యారిభామ ఉందేమో చూడు, కాంగ్రెస్ గడ్డి అంటారు. దాన్ని ముట్టుకోకపోయినా పుప్పొడి, ఎండిన తునకలు గాలిలో వచ్చి సరిగ్గా నువ్వు చెప్పిన చోట్లే కూర్చుంటాయి. పడనిది ఏదో వీపు మీద ప్యాచ్ టెస్టు పట్టీలు 48 గంటలు ఉంచి, తీశాక చూసి డాక్టర్లు చెబుతారు. పురుగుమందుదీ అనుమానమే కాబట్టి ఆ డబ్బాల పేర్లు రాసుకుని వెళ్లండి. గడ్డి పీకే పని నాన్నకు చెప్పొద్దు. ఇంకెవరైనా పూత రాకముందే, గ్లవుజులు తొడుక్కుని పీకాలి. కాల్చొద్దు. నాన్న నిండుచేతుల చొక్కాతో వెళ్లి, రాగానే స్నానం చేయాలి. ఉతికిన బట్టలు చేలో ఆరేయొద్దు.

ప్రశ్న: హాస్టల్లో ఉంటాను. గజ్జల్లో తామర. ఫ్రెండ్ ఇచ్చిన క్రీము రాస్తే దురద ఆగింది, చక్రాలు మాత్రం తొడల దాకా పాకాయి.
– విద్యార్థి, వరంగల్

జవాబు: తామర ఫంగస్. ఆ క్రీములో స్టిరాయిడ్ ఉండి ఉంటుంది. అది దురదను జోకొట్టి ఫంగస్‌ను మేపుతుంది. ఆపేసి చర్మ డాక్టరు దగ్గరకు వెళ్లు. తువ్వాలు ఎవరితోనూ పంచుకోకు, లోదుస్తులు రోజూ ఉతికి బాగా ఎండలో ఆరెయ్యి. ఆ ట్యూబు పారేయకుండా జేబులో వేసుకెళ్లు. దాని మీద రాసింది చదవందే డాక్టరుకు నీ చర్మం మీద ఏం జరిగిందో తెలియదు.